పదిమంది వస్తేనే విప్పే సీసా

నల్లమల లోపల, నడి ఎండాకాలంలో కూడా ఎండిపోని ఒక జలపాతం ఉంది. దాని వెనక చల్లటి గుహ. ఆ గుహలో ఎలుగుబంటి ఓబయ్య కాపురం. అడవి మొత్తానికి రొప్పుజ్వరం టీకా మందు కాపాడే పెద్దరికం ఆయనదే.

నెలకోసారి కొంగలు ఏటి అవతలి నుంచి మందు సీసాలు మోసుకొచ్చేవి. ఒక్కో సీసాలో పదిమందికి సరిపడా మందు. చల్లగా ఉన్నంతకాలం అది పాడవదు. మూత విప్పితే మాత్రం ఆ పొద్దు గుంకేలోగా వాడేయాలి, లేదంటే పారబోయాల్సిందే. ఆ మందు చెవికి పొడిచే పని ఏదుపంది సూరమ్మది. ఒళ్లంతా సూదులున్న ఆవిడకంటే ఆ పనికి తగినవాళ్లు ఎవరుంటారు? ఒకరికి వాడిన ముల్లు ఇంకొకరికి వాడేది కాదు, అక్కడికక్కడే పీకి పారేసేది. అంత శుభ్రం ఆవిడకు.

ఒకప్పుడు ఓబయ్య రెండు కుందేళ్ల కోసం సీసా విప్పాడు. సాయంత్రానికి ఎనిమిది మందికి రావాల్సిన మందు మట్టిపాలైంది. ముసలి కొంగ అది చూసి, అలసిపోయిన రెక్కలు సవరించుకుంటూ, "ఎంత దూరం నుంచి మోసుకొచ్చినామో తెలుసునా ఓబయ్యా?" అని మాత్రం అంది.

ఆ మాటకు ఓబయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. అప్పటి నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. మందుకు వచ్చినవాళ్లను తన ముందరి కాళ్ల గోళ్ల మీద లెక్కపెడతాడు. పది గోళ్లూ నిండితేనే మూత విప్పుతాడు. తొమ్మిదైతే, "రేపు రాండప్పా" అంటాడు. ఆ తర్వాత ఒక్క చుక్క పారబోసిన పాపాన పోలేదు. కొంగలు మెచ్చుకున్నాయి. ఓబయ్య నడక కూడా మారింది, కొంచెం ఛాతీ విరుచుకుని నడిచేవాడు.

ఈ కట్టుబాటు వల్ల అందరికంటే బాగుపడ్డవాడు నక్క జిత్తప్ప.

వాడు గుహకు వచ్చే దారి మలుపులో కూర్చునేవాడు. ఒంటరిగా ఎవరైనా వస్తే, "ఒక్కదానివే వచ్చినావా? ఓబన్న విప్పడు. నాకు ఇరవై పీతలు తెచ్చియ్యి, తొమ్మిదిమందిని నేను కూడేస్తా" అనేవాడు. తేనె అయినా సరే, రేగుపళ్లయినా సరే. ఆ తొమ్మిదిమంది ఎవరు? ఎప్పుడో టీకా వేయించుకున్న అడవిపందులు! వాటి తోలు మందం. ముల్లు దిగినా దోమ కుట్టినట్టే. తలా ఒక పీత దొరుకుతుందంటే ఎన్నిసార్లయినా వచ్చి వరసలో నిలబడేవి. జిత్తప్ప మాత్రం ఒక్కసారి కూడా వరసలోకి రాలేదు. సూరమ్మ ముళ్లను చూస్తేనే వాడు పొద చాటుకు దూరేవాడు.

ఓబయ్యకు ఇవేవీ పట్టలేదు. ఆయన చూపంతా గోళ్ల మీదే ఉండేది. ఎదురుగా నిలబడ్డ మొహాలను ఆయన ఏనాడూ సరిగ్గా చూడలేదు.

ఒకరోజు పొద్దున్నే కొండగొర్రె తిప్పమ్మ తన పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. అవతలి లోయ నుంచి, రాళ్లదారిలో, పొద్దు పొడవకముందే బయల్దేరి వచ్చింది.

"ఓబన్నా, నేను పోయినేడే వేయించుకున్నా. నా బిడ్డకు మందు వేయించు."

ఓబయ్య ఒక గోరు ఎత్తాడు. "ఒక్కరే. పోయి ఇంకో తొమ్మిదిమందిని తోలుకురా తల్లీ."

తిప్పమ్మ పోయింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. ఆ రోజూ గుహ ముందు ఇంకెవరూ లేరు. ఓబయ్య మళ్లీ ఒక్క గోరే ఎత్తాడు. పిల్ల అలిసిపోయి తల్లి కాళ్ల మధ్యే కూలబడింది. ఓబయ్యకు మనసులో ఎక్కడో కలుక్కుమంది. కానీ ముసలి కొంగ మాట గుర్తొచ్చి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మూడోసారి తిప్పమ్మ వచ్చేటప్పటికి ఎండ నడినెత్తికెక్కింది. ఆవిడ నడిచి రాలేదు, పరిగెత్తి వచ్చింది.

"ఓబన్నా, మా పక్కలోయలో జ్వరం పడింది. నిన్న రెండు దుప్పులు పోయినాయి. నా బిడ్డ రాత్రి నుంచి ఆ లోయ నుంచి పారే నీళ్లే తాగుతాంది. ఈ పొద్దన్నా విప్పన్నా."

"ఒక్కరి కోసం ఎట్లా విప్పేది తిప్పమ్మా? మిగతాదంతా పారబోయాల కదా!"

"తొమ్మిదిమంది ఉండారంట కదన్నా మలుపులో! జిత్తప్ప తెస్తాడంట. పీతలు తెమ్మన్నాడు. పీతలు పట్టేది నాకేం వస్తాది? పచ్చిగడ్డి ఇస్తానంటే నవ్వినాడు. 'పోనీ చిన్నోణ్ణి ఒక పూట నాకాడ వదిలిపో, బాగా చూసుకుంటా' అన్నాడు. ఆ మాట విని బిడ్డను ముందు తోలుకుంటా ఉరికొచ్చినా."

ఓబయ్య గుహలోకి తిరిగి కేకేశాడు.

"సూరక్కా! నక్క తెచ్చే తొమ్మిదిమంది ఎవరు?"

సూరమ్మ గుహ మూల నుంచి బయటికొచ్చింది. "ఇప్పటికి అడిగినావా? ఆ అడవిపందులే. ప్రతిసారీ అవే. నేను చెప్తే 'పదిమంది ఉండారా లేదా' అన్నావు. వాటి చెవులు చూడు పో, జల్లెడ మాదిరి ఉండాయి. వాటికి పొడవని చోటు నాకింక మిగల్లేదు."

ఓబయ్య కూర్చుండిపోయాడు. ఈ రెండు నెలల్లో విప్పిన సీసాలు ఆరు. మందు నిజంగా కావాల్సినవాళ్లకు అందింది ఆరుగురికి. మిగతా యాభై నాలుగు మోతాదులూ పందుల తోలులో పారబోసి, ఒక్క చుక్క వృథా చేయలేదని ఇన్నాళ్లూ విర్రవీగాడు.

లేచాడు. నీటిచెమ్మలో దాచిన సీసా తీసి, తిప్పమ్మ చూస్తుండగానే మూత విప్పాడు.

సూరమ్మ పిల్లను దగ్గరికి తీసుకుంది. "అటు చూడు బుజ్జీ, నీళ్లలో చేప ఎగిరింది" అంది. పిల్ల అటు చూసేలోగా పని అయిపోయింది. మే అని ఒక్క అరుపు, అంతే. తిప్పమ్మ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. మోకాళ్లు వంచి ఓబయ్య ముందు తల నేలకానించింది.

"లే తల్లీ, లే. దండం నేను పెట్టాల. రెండుసార్లు పొమ్మన్నా మూడోసారి వచ్చినావు చూడు, నువ్వు రాకపోయింటే నేను ఇట్లే గోళ్లు చూసుకుంటా ఉండేవాణ్ణి" అన్నాడు ఓబయ్య. నిజంగానే చేతులు జోడించాడు.

తర్వాత గుహ ముందుకొచ్చి గొంతెత్తి పిలిచాడు. "జిత్తప్పా! పదిమందిని కూడేయ్!"

తిప్పమ్మ దారికొచ్చిందనుకున్నాడు జిత్తప్ప. నోట్లో నీళ్లూరుతుంటే తొమ్మిది పందుల్నీ తోలుకొచ్చాడు. "తొమ్మిదీ తెచ్చినా ఓబన్నా. చిన్నోడితో కలిపి పది. గోళ్లు నిండినట్టే కదా?"

"చిన్నోడి పని అయిపోయింది. ఈ పొద్దు గోళ్లు లెక్కపెట్టను, చెవులు చూస్తా. ఒక్క ముల్లుగాటు ఉన్నా పక్కకు పోవాల."

సూరమ్మ ఒక్కొక్క చెవీ తిప్పి చూసింది. మొదటి పంది పక్కకు పోయింది. రెండోదీ పోయింది. తొమ్మిదీ సిగ్గుపడుతూ పొదల్లోకి జారుకున్నాయి. గుహ ముందు జిత్తప్ప ఒక్కడే మిగిలాడు.

"ఏదీ, నీ చెవి?" అంది సూరమ్మ. చూసి మురిసిపోయింది. "అబ్బ, ఎంత నున్నగా ఉందో! ఒక్క గాటూ లేదు."

జిత్తప్ప వెనక్కి అడుగేశాడు. "నేనొక్కణ్ణే కదన్నా. నా ఒక్కడి కోసం విప్పితే మీకెంత చెడ్డపేరు! పదిమంది పోగైనప్పుడు నేనే వస్తాలే."

"విప్పేసినాను లేరా" అన్నాడు ఓబయ్య, వాడి మెడ మీద బరువుగా పంజా వేసి. "ఇంక ఈ గుహలో ఒక్కరొచ్చినా విప్పుతా."

సూరమ్మ నిదానంగా వీపు తిప్పింది. జిత్తప్ప పెట్టిన కేక ఏటి అవతల కొంగలకు కూడా వినిపించిందని చెప్పుకుంటారు.

ఇంకా ఎనిమిది మందికి మందు ఉంది, పొద్దు గుంకడానికి ఒక జాము ఉంది. ఓబయ్య సీసాను తడినాచులో చుట్టుకుని, సూరమ్మను వీపు మీద ఎక్కించుకుని కొండెక్కాడు. ఆ ముళ్లు వీపున గుచ్చుకుంటుంటే, పొమ్మన్నవాళ్లందరి తరఫునా నాకు ఇది కావాల్సిందేలే అనుకున్నాడు. తిప్పమ్మ ముందు నడిచి దారి చూపింది. గుహ దాకా వచ్చి తిరిగిపోయినవాళ్లు ఎక్కడెక్కడ ఉంటారో ఆవిడకు తెలుసు. రెండు కుందేళ్లు, ఒక కొండముచ్చు, దాని చంటిపిల్ల, నడవలేని ముసలి దుప్పి, ఒక మూషిక జింక. ఆరుగురికి అందింది. పొద్దు గుంకింది. మిగిలిన ఇద్దరి మందును ఓబయ్య తన చేతులతోనే నేల మీద పోశాడు. పోస్తుంటే బాధేసింది. అంత దూరం మోసుకొచ్చిన కొంగల రెక్కల్ని తలుచుకుని, ఆ తడిసిన మట్టికి కూడా దండం పెట్టాడు.

జ్వరం వచ్చింది, పది రోజులు అడవిని ఊపేసి పోయింది. తిప్పమ్మ పిల్ల చెంగుచెంగున గెంతుతూనే ఉంది. జిత్తప్పకు ఒక పూట ఒళ్లు వెచ్చబడి తగ్గింది. వాగు అవతల ఉండే వాడి పినతండ్రి కొడుకు మాత్రం టీకా లేక పోయాడు. ఆ కబురు విన్న రోజు జిత్తప్ప మలుపు దగ్గర కూర్చోలేదు. ఎటూ అక్కడ వాడితో పనిపడేవాళ్లు ఎవరూ లేరు.

ఒకసారి వేసిన మందు బలం తగ్గకుండా రెండో దఫా టీకా వేసే నెల వచ్చింది. ఒక తెల్లవారుజామున గుహ బయట ఎవరో నసుగుతున్నట్టు వినిపించి ఓబయ్య తల బయటపెట్టాడు. జిత్తప్ప. తోక కాళ్ల మధ్య, చెవి ముందుకు వంచి నిలబడి ఉన్నాడు.

"అక్కను ఒకసారి పిలువన్నా. ఆ పొద్దు మీరు నన్ను పట్టుకోకపోయింటే నేనూ పోయేవాణ్ణే. ఆ మాట చెప్దామని వచ్చినా." వాడు వెనక్కి తిరిగి ఖాళీ దారిని చూసుకున్నాడు. "నేనొక్కణ్ణే ఉండా ఓబన్నా. విప్పుతావా?"

ఓబయ్య సీసా తెచ్చాడు.

నీతి: మందు ఎంత మిగిలిందో లెక్క చూసుకునే ముందు, అది అందనివాళ్లు ఎవరో చూసుకోవాలి.