వీపు దిగని గోరింకలు

కొండవాగు ఒడ్డున అడవి జంతువులకు ఒక ఆసుపత్రి ఉండేది. గోడలు లేవు, మంచాలు లేవు. దున్నలూ దుప్పులూ వాగులో నిలబడితే, గోరింకలు వాటి వీపులెక్కి పిడుదులు ఏరి, పుండ్లు శుభ్రం చేసేవి. ఆ అడవిలో నర్సులంటే గోరింకలే. వాటి మీద అధికారి జంబయ్య అనే నక్క. వాగులో ఏనాడూ కాలు తడుపుకోని మహానుభావుడు!

గోరింకల్లో చుక్కమ్మ నోరున్న పిట్ట. కిందటేడు గుడ్లు పొదగడానికి సెలవడిగితే, "గుడ్లు ఎక్కడికీ పారిపోవులే, పనిచూసుకో" అన్నాడు జంబయ్య. సాయంత్రం గూటికి చేరేసరికి గుడ్లు చల్లబడిపోయాయి. చుక్కమ్మ కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఏడ్చి ఊరుకోలేదు. గోరింకలను కూడగట్టి సంఘం పెట్టింది. మూడు రోజులు ఎవరూ ఏ వీపూ ఎక్కకపోయేసరికి అడవంతా చెట్లకేసి ఒళ్ళు రుద్దుకుంది. అయినా సెలవు రాలేదు.

"చట్టంలో లేదే పిట్టా!" అన్నాడు జంబయ్య.

"చట్టం ఎవరు చేస్తారు?"

"అడవి సభలో కూర్చునేవాళ్ళు."

"అయితే నేనే కూర్చుంటాను."

"పిట్ట కొంచెం, కూత ఘనం!" అని పొర్లి పొర్లి నవ్వి, ఎన్నికల్లో తనూ పోటీకి దిగాడు జంబయ్య. దుప్పులు తనకు జడిసి ఓటేస్తాయి. దున్నలు సగం ఇటు, సగం అటు. గోరింకల ఓట్లు మాత్రం గుత్తగా చుక్కమ్మవే. అవి రాకుండా చేస్తే చాలు! అందుకే ఎన్నికల ముందురోజు ఆజ్ఞ వేశాడు: "రేపు రోగమున్న ప్రతి జంతువుకూ ఒక నర్సు. పొద్దుగూకేదాకా వీపు దిగరాదు. దిగితే కొలువు ఊడినట్టే."

"అక్కా, మన పని అయిపోయింది!" అని గోలపెట్టాయి గోరింకలు.

"అయ్యగారి మాట జవదాటకండి. ఎవరూ వీపు దిగొద్దు" అంది చుక్కమ్మ.

తెల్లారింది. మద్దిచెట్టు కింద ఏనుగు కుండ పెట్టుకుని కూర్చుంది. చుక్కమ్మకైతే చింతగింజ, జంబయ్యకైతే రేగుగింజ వేయాలి. ముందుగా గంగులు అనే ముసలి దున్న ఓటుకొచ్చాడు. వీపు మీద చుక్కమ్మ. వెనకాల నలభై దున్నలు, వాటి మీద నలభై గోరింకలు.

జంబయ్య పరుగెత్తుకొచ్చాడు. "డ్యూటీ వదిలేసి వచ్చారా! అందరి కొలువులూ పీకేస్తాను!"

"వదల్లేదు అయ్యగారూ. పొద్దుటి నుంచి ఒక్కరం వీపు దిగితే ఒట్టు" అంది చుక్కమ్మ.

"నేను ఓటుకొచ్చాను. వీపు ఇంటి దగ్గర పెట్టి రానా మరి?" అన్నాడు గంగులు.

ఏనుగు చెవులు ఆడించింది. "ఆజ్ఞ నీదేనా, జంబయ్యా?"

"నాదే, కానీ..."

"అయితే వరసలో నిలబడు."

జంబయ్య నిలబడ్డాడు. గజ్జి దురద పుట్టి ఒళ్ళు విదిలించబోయాడు.

"కదలకండి అయ్యగారూ, డ్యూటీలో ఉన్నాను" అంది ఆజ్ఞ ప్రకారం పొద్దున్నే అతని వీపెక్కిన గోరింక. అదీ తన చింతగింజ కుండలో వేసేసింది! అది చూసి దుప్పులు పకపకా నవ్వాయి. నవ్వాక ఇక భయం ఎక్కడిది? అవీ, ఎటూ తేల్చుకోని దున్నలూ చింతగింజలే వేశాయి.

సాయంత్రం కుండ బోర్లిస్తే ఒకే ఒక్క రేగుగింజ దొర్లింది.

చుక్కమ్మ సభలో చేయించిన మొదటి చట్టం పొదుగుడు సెలవు. ఆ ఏడు వాగు పొడుగునా ప్రతి గూట్లోనూ పిల్లల కిచకిచలే. చుక్కమ్మ గూట్లో మూడు. ఒళ్ళు చెట్టుకేసి రుద్దుకుంటూ జంబయ్య అరిచాడు, "నా నర్సు ఏదీ?"

"సెలవులో ఉంది!" అంది అడవి ఒక్క గొంతుతో.

నీతి: పని తెలియని అధికారి వేసిన ఆజ్ఞ, పని తెలిసినవాళ్ళకే అక్కరకొస్తుంది.