ఖాసిం నిద్రపోయిన రోజు

ఆ ఏడు వానలు వెలిశాక ఊళ్లకు ఊళ్లు జ్వరాన పడ్డాయి. కొండమీది దర్గా పక్కన హకీం రహమతుల్లా వైద్యశాల ఉండేది. వసారా చాలక వేపచెట్ల కింద కూడా చాపలు పరిచారు. ఆయన శిష్యుడు ఖాసిం నలభై రోజులుగా సరిగ్గా నడుం వాల్చలేదు. అడిగినవాళ్లకు ఆ మాట కాస్త గర్వంగానే చెప్పేవాడు.

ఒక ఉదయం ఓ నేతగాడు చనిపోయాడు. భార్య అతని కాళ్లు పట్టుకుని కూర్చుండిపోయింది.

"లేమ్మా, ఆ చాప ఇంకొకరికి కావాలి" అన్నాడు ఖాసిం.

ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసింది. తర్వాత లేచింది.

ఖాసిం తిన్నగా గురువు దగ్గరికి వెళ్లాడు.

"ఉస్తాద్, నాకు జాలి కలగడం లేదు. మనిషి పోయినా నాకు చాపే కనిపించింది. ఏ దువా చదివితే ఈ మనసు కరుగుతుందో చెప్పండి."

రహమతుల్లా అతని చేతిలోని కషాయం గిన్నె తీసుకున్నాడు. లోపలి గదిలో తన చాప పరిచాడు.

"పడుకో."

"బయట ఇంకా పదకొండు మంది ఉన్నారు. కుమ్మరి తాతకు ఊపిరే ఆడటం లేదు!"

"నేను చూసుకుంటాను."

ఆయన బయటికి వెళ్లి తలుపు గొళ్లెం పెట్టాడు. ఖాసిం రెండుసార్లు తలుపు కొట్టాడు. మూడోసారికి చెయ్యి లేవలేదు.

మెలకువ వచ్చేసరికి మర్నాటి పొద్దు బారెడెక్కింది. గొళ్లెం తీసే ఉంది. వసారా చివర కుమ్మరి తాత చాప ఖాళీగా కనిపించింది.

"తాత ఏడీ?" అని గురువును అడిగాడు.

"నిన్న మధ్యాహ్నం పోయాడు. నేను అటు వెళ్లేలోపే."

"నన్ను లేపి ఉంటే బతికేవాడు!"

"బతికేవాడేమో" అన్నాడు రహమతుల్లా.

"మరి ఎందుకు లేపలేదు?"

అరుస్తూనే ఖాసిం వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన ఓదార్చలేదు. దర్గా వెనక ఖబరస్తాన్‌కు నడిచాడు. ఖాసిం వెంట వెళ్లాడు. ఓ మూల గడ్డి కమ్మిన సమాధి పక్కన గురువు కూర్చుని, ఆ గడ్డి పీకసాగాడు.

"వీడి పేరు దాదావలి. నీకంటే ముందు నా శిష్యుడు. ఇరవై రెండేళ్లవాడు. చేతిలో నీకంటే మంచి వైద్యం ఉండేది."

ఆయన ఇంకో గుప్పెడు గడ్డి పీకి పక్కన పడేశాడు.

"కలరా వచ్చిన ఏడు, వీణ్ణి నేనే లేపేవాణ్ణి. పిలిచిన ప్రతిసారీ లేచాడు."