సూదమ్మ వెనకబండి

మబ్బుకోన అని ఒక అడవి ఉంది. అక్కడ పొద్దెక్కేదాకా పొగమంచు కదలదు. దుప్పులు, కుందేళ్ళు, కొండముచ్చులు, పూరేడు పిట్టలు, అడవిపందులు, ఏదుపందులు అన్నీ ఆ మంచులోనే ఒకదాన్నొకటి పలకరించుకుంటూ బతుకుతాయి. ముఖాలు కనబడవు కాబట్టి అక్కడ గొంతును బట్టే మర్యాద.

ఆ అడవి మధ్యగా నిద్రవాగు పారుతుంది. పారుతుంది అనడం కూడా పూర్తిగా నిజం కాదు. ఎండాకాలమంతా అది ఇసుక కప్పుకుని పడుకుంటుంది. తొలి వానలకు ఉలిక్కిపడి లేచి, అడ్డం వచ్చినవన్నీ ఊడ్చుకుపోతుంది. అందుకని అది లేవకముందే జంతువులన్నీ తమ తిండి తీసుకుని, వాగు దాటి, అవతలి గుట్ట మీదికి చేరుకోవాలి.

అక్కడ సూదమ్మ అనే ఏదుపంది ఉండేది. ఆమెకు ఇద్దరు పిల్లలు. కిందటేడు ఆమె దుంపలను నోట కరుచుకుని మోసింది. సగం కూడా మోయకముందే వాగు లేచింది. ఆ వానాకాలమంతా పిల్లలు చెట్టు బెరడు నమిలి బతికారు. చిన్నది నిద్రలో కూడా దవడలు ఆడించేది. ఆ చప్పుడు సూదమ్మ చెవుల్లోంచి ఇంకా పోలేదు.

"ఈసారి వెనకబండి ఉండాల్సిందే" అనుకుంది సూదమ్మ. ఒంటికి తాడు కట్టుకుని వెనకాల లాక్కుపోయే చిన్న బండిని ఆ అడవిలో అలా అంటారు.

కొండముచ్చు దగ్గర అలాంటి బండ్లు అమ్మకానికి ఉన్నాయి. ఎర్ర రంగు, పసుపు రంగు, ముందు ఒక గంట. సూదమ్మ వెళ్ళి అడిగింది.

"నీ దుంపల్లో సగం ఇచ్చి తీసుకుపో" అన్నాడు కొండముచ్చు.

"సగం నీకిస్తే ఇక మోయడానికి ఏముంటుందయ్యా?"

"గంట ఉంటుంది కదమ్మా."

సూదమ్మ అతనికో దండం పెట్టి వచ్చేసింది.

పక్క పొదలో ఉండే అడవిపంది కోరయ్య మాత్రం సగం దుంపలు పోసి బండి తెచ్చుకున్నాడు. గంట మోగించుకుంటూ పొదల చుట్టూ తిరిగాడు.

"తమ్ముడూ, ఒకసారి నీ బండి కింద చూడనిస్తావా? ఎలా కట్టారో తెలుసుకుంటాను" అంది సూదమ్మ.

"బండిని పైన చూస్తారు గాని కింద ఎవరు చూస్తారు?" అన్నాడు కోరయ్య. "అన్నట్టు, పేరు చివర పంది ఉన్నంత మాత్రాన నేను నీకు తమ్ముణ్ణి అయిపోను."

సూదమ్మ తన బండి తనే చేసుకోవడం మొదలుపెట్టింది. ఏదుపందులు పగలు పడుకునే జాతి. బండి పనేమో వెలుతురు ఉన్నప్పుడు చేయాల్సిన పని. అందుకని ఆమె ఆ పనంతా సగం నిద్రలోనే చేసింది. కూలిపోయిన మద్దిమానును గుండ్రంగా కొరుకుతూ కొరుకుతూ కునుకు తీసేది. కునుకులో ఎప్పుడూ ఒకటే కల. తన బండికి చక్రాలు లేవు. అయినా అది మంచు మీద మెల్లగా తేలిపోతోంది. పిల్లలు అందులో కూర్చుని నవ్వుతున్నారు. మెలకువ రాగానే, "చక్రాలు లేని బండేమిటి, నా మొహం" అనుకుని మళ్ళీ కొరికేది.

చక్రాలు అయ్యాయి. ఇరుసు అయింది. వెదురు బద్దలతో తొట్టి అల్లింది. ఇరుసు చివర చక్రం ఊడిపోకుండా గుచ్చే పుల్లను చీల అంటారు. చీలల కోసం ఆమె ఎక్కడికీ పోలేదు. తన వీపు మీంచి గట్టి ముళ్ళు రాల్చుకుంది. తొట్టిని ఇరుసుకు బిగించింది కూడా ఆ ముళ్ళతోనే.

మొదటిరోజు బండి నిండా వెదురు బియ్యం పోసి లాగింది. సన్నగింజలు అల్లిక సందుల్లోంచి దారి పొడుగునా కారిపోయాయి. పూరేడు పిట్టలు బారుకట్టి ఏరుకు తిన్నాయి. పెళ్ళికి పిలిచినా అంత వరసగా రావవి.

"ఏమ్మా సూదమ్మా, బండి లాగుతున్నావా, విత్తనాలు చల్లుతున్నావా?" అన్నాడు కోరయ్య.

"రెండూ తమ్ముడూ. నేర్చుకునేవాళ్ళ పని అలాగే ఉంటుంది."

ఎండకు మెత్తబడ్డ గుగ్గిలం బంక తెచ్చి సందులన్నీ పూడ్చింది. ఇక గింజ కారలేదు. ఈసారి చక్రం వంకరగా తిరిగింది. విప్పింది, కొరికింది, మళ్ళీ బిగించింది. చివరికి కళ్ళు మూసుకుని కూడా ఆ బండిని విప్పగలిగేది. నిజానికి చాలాసార్లు కళ్ళు మూసుకునే విప్పింది.

ఒకనాటి పొద్దున ఎగువ నుంచి తడిమట్టి వాసన వచ్చింది. జంతువులన్నీ బయలుదేరాయి. కోరయ్య బండి ముందు, పిల్లలనూ తిండినీ ఎక్కించుకున్న సూదమ్మ బండి వెనక, రెండూ వాగులోకి దిగాయి. నడిమధ్యలో కోరయ్య బండి ఇసుకలో కూరుకుపోయింది. లాగిన కొద్దీ గంట మోగుతోంది గాని బండి కదలదు.

నీళ్ళు చప్పుడు చేయకుండా వచ్చాయి. మొదట ఇసుక తడిసింది. తర్వాత మెరిసింది. తర్వాత కదిలింది. సూదమ్మ బండి చక్రాలు కూడా దిగబడ్డాయి. పిల్లలు "అమ్మా" అన్నారు. చుట్టూ మంచు, కింద నీళ్ళు. తాను మేలుకుని ఉందో కల కంటోందో ఆమెకు తెలియలేదు. అయితే ఆ కలలో బండికి చక్రాలు లేవని మాత్రం గుర్తొచ్చింది.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు పెద్దలు. ఏ చీల లాగితే అవుతాయో చెప్పరు. సూదమ్మకు అది తెలుసు. నీళ్ళలో తల ముంచి, ఒక్కొక్క ముల్లే పళ్ళతో లాగేసింది. చక్రాలూ ఇరుసూ ఇసుకలో ఉండిపోయాయి. గుగ్గిలం పూసిన తొట్టి పిల్లలతో, తిండితో నీళ్ళ మీద తేలింది.

ఆమె తాడు కరుచుకుని ఈదుతుంటే కోరయ్య ఎదురయ్యాడు. నీళ్ళు అతని మెడ దాకా వచ్చాయి.

"చక్రాలు ఊడదియ్యి" అంది సూదమ్మ.

"ఎక్కడ ఊడతాయో తెలీదు. ఊడవని చెప్పే అమ్మాడు ఆ కొండముచ్చు."

"పోనీ తాడైనా విప్పుకో."

"ముడి వాడే వేశాడు. ఎక్కడుందో తెలీదు."

చిన్నది కోరయ్య చెవి పట్టుకుని తొట్టిని ఆపింది. సూదమ్మ ఆ తాడును కొరికేసింది. విడిపించుకున్న కోరయ్య ఊరికే ఒడ్డుకు పోలేదు. మూతితో తొట్టిని నెట్టుకుంటూ అవతలికి చేర్చాడు. వెనక నీళ్ళ అడుగున గంట కాసేపు మోగింది. తర్వాత ఎక్కడో దూరంగా, నిద్రలో విన్నట్టు మోగింది. తర్వాత మోగలేదు.

గుట్ట మీద వాన పడుతోంది. పిల్లలు అక్కడి గుహలో దుంపలు తిని పడుకున్నారు. చిన్నదాని దవడలు కదలడం లేదు. సూదమ్మ చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

బయట తడుస్తూ నిలబడ్డ కోరయ్య గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఆ తొట్టి కింద ఒకసారి చూడనిస్తావా?"

"లోపలికి రా తమ్ముడూ. ముందు తిను, తర్వాత చూద్దువు గాని."

నీతి: చేతులారా చేసుకున్నదాన్ని కట్టడమే కాదు, విప్పడమూ తెలుస్తుంది, ఆపద వేళ గట్టెక్కించేది ఆ తెలివే.