తూర్పు వాలు బాట

వానొస్తే ఏమొస్తాది వదినో?
వంక పారొస్తాది వదినో...
వంకొస్తే ఏమొస్తాది వదినో?

ఆ పైన ఏముందో చౌడమ్మకు గుర్తు రాదు. చిన్నప్పుడు కరువుపనిలో వాళ్లమ్మ వెనక మట్టితట్ట మోస్తూ నేర్చుకున్న పాట. మూడో వరుస దాకా వచ్చి, నాలుగోదానికి నోటికేదొస్తే అది అనేసుకుని, మళ్లీ మొదటికి పోయేది. ఆ బుధవారం పొద్దున కూడా అట్లాగే పాడుకుంటూ, బాట అంచున రాళ్లకు సున్నం కొడుతూ ఉంది.

ఆ బాట ఆమెదే. పుట్టి నలభై ఎనిమిదేళ్లు వచ్చాక, ఒకరు చెప్పకుండా తనకు తానుగా వేసిన మొదటి బాట.

వీరనదుర్గం పాళెగాళ్ల కాలం నాటి ఊరు. ఊళ్లో సగం ఇళ్లకు కోటగోడే వెనక గోడ. కొండ చుట్టూ ఆనాటి సిపాయిలు గుర్రాలు నడిపిన సన్నటి బాటలున్నాయి. అవి మాసిపోకుండా కాపాడుకొస్తున్నది కొండమీది దర్గాలో ఉండే ఫకీరు, జమాల్ తాత. పొద్దున్నే దర్గా ఊడ్చి, అగరొత్తి వెలిగించి, పార భుజాన వేసుకుంటాడు. అదే ఆయన నమాజు తర్వాతి నమాజు.

ఇప్పుడా బాటల మీద గుర్రాలు లేవు. లావు టైర్ల సైకిళ్లు దిగుతున్నాయి. ఆదివారమైతే చాలు, హైస్కూలు హేమలత టీచరు ముందు, ఆమె వెనక పదిమంది, నెత్తిన టోపీలు బిగించుకుని, హోయ్ హోయ్ అని కేకలు పెడుతూ కొండ మీదినుంచి జారుకుంటూ వస్తారు.

మొదటిసారి చూసినప్పుడు చౌడమ్మకు నవ్వు ఆగలేదు. "కింద పడేదానికి ఇంత కొండ ఎక్కల్నా టీచరమ్మా?"

"పడకుండా దిగి చూడు, తెలుస్తాది" అంది టీచరు, మోచేతికి అంటిన ఎర్రమట్టి దులుపుకుంటూ.

చౌడమ్మ ఇరవై ఏళ్లు రోడ్డుపని చేసిన మనిషి. తాతకు చేయిసాయంగా కొండెక్కి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో ఆయన ఆమెకు నేర్పిందేమీ లేదు. ఎట్లా చెయ్యాల తాతా అని అడిగితే "చూడు" అనేవాడు. అంతే. అట్లాంటి మనిషి ఈ ఎండాకాలం ఒకనాడు పార ఆమె చేతికిచ్చి, "తూర్పు వాలు నీది" అన్నాడు. ఆ రోజు చౌడమ్మకు అన్నం సయించలేదు.

నలభై దినాలు పట్టింది. తనకు తెలిసిన పనంతా అందులో పోసింది. కింద ఒక్క మలుపు తప్ప, బాటను నూలు పట్టినట్టు సూటిగా దించింది. గులకరాయి కూడా లేకుండా ఏరింది. రెండు పక్కలా జానెడెత్తు మట్టికట్ట వేసి, కట్ట మీద వరసగా రాళ్లు పేర్చి, వాటికి సున్నం కొట్టింది. కలెక్టరు వస్తాడంటే రోడ్లకు చేస్తారే, సరిగ్గా అట్లా.

బాట మొదట్లో ఒక చెక్కపలక కూడా పాతింది. వయోజనుల బడిలో అక్షరాలు నేర్చి ఏడాదైంది. తన చేత్తో తానే రాసింది, చౌడమ్మ బాట అని. చివరి అక్షరానికి చోటు చాలక అది కొంచెం ఇరుక్కుంది గానీ, మిగతావన్నీ కుదురుగా వచ్చినాయి.

ఆదివారం కర్నూలు నుంచీ అనంతపురం నుంచీ ముప్పై మంది సైకిళ్లతో వస్తున్నారు. తాత సరేనంటే ఆ బాట తెరుస్తారు. కాదంటే లేదు.

"తాతా, వచ్చి చూద్దువు రా."

తాత వచ్చాడు. ఉత్తకాళ్లతో కిందిదాకా నడిచి దిగాడు. మళ్లీ నడిచి పైకి వచ్చాడు. పలక చదివాడో లేదో. గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు.

చౌడమ్మ ఉండబట్టలేకపోయింది. "ఏమన్నా అను తాతా. కలెక్టరొచ్చినా తప్పు పట్టలేడు."

"కలెక్టరు సైకిలు తొక్కుతాడా?"

"తొక్కడు."

"మరి మొదట ఎవరొస్తారు దీనిమీద?"

"హేమలత టీచరే. ఆమెనే గదా ఎప్పుడూ ముందు."

"ఆమె కంటే ముందొచ్చేవాళ్లుండారు" అని, తాత పక్కనున్న బిందె ఎత్తాడు. మట్టి తడిపి గట్టి చేసేదానికి చౌడమ్మ ఊరి బోరింగు నుంచి మోసుకొచ్చిన రెండు బిందెల్లో ఒకటి.

"అయ్యో, ఆ నీళ్లు నేను కింద నుంచి..."

తాత అప్పటికే బాట నెత్తిన బిందె వంచేశాడు.

నీళ్లు ముందు కొంచెం తడుముకున్నాయి. కుడికి పోదామంటే మట్టికట్ట. ఎడమకు పోదామంటే మట్టికట్ట. ఇంక సూటిగా కిందికి పట్టుకున్నాయి. పోయేకొద్దీ పరుగందుకున్నాయి. మెత్తటి మట్టిని ముందుకు నెట్టుకుంటూ, మలుపు దగ్గర కట్ట తెంపుకుని, కంపలోకి దూకాయి. బాట నడిమధ్యన వేలెడు లోతు గాడి మిగిలింది.

ఒక్క బిందె. ఒక్కటంటే ఒక్కటి. వానాకాలం ఇంకా ముందరే ఉంది.

తాత ఖాళీ బిందె ఒక చేత్తో పట్టుకున్నాడు. రెండో బిందె చంకన పెట్టుకుని, పక్కనే దిగే పాత బాట దగ్గరికి నడిచాడు. చౌడమ్మ వెనకాలే పోయింది. అక్కడా అట్లాగే వంచాడు.

ఈ నీళ్లు నాలుగడుగులు బాట వెంట నడిచాయి. ఏదో పని గుర్తొచ్చిన మనిషిలాగా పక్కకు తిరిగాయి. గడ్డిలోకి దిగి, కనపడకుండా పోయాయి. బాట మీద తడి ఉంది, గాడి లేదు.

చౌడమ్మ గొంతుక్కూర్చుంది. తర్వాత వంగి, చెంప నేలకానించి చూసింది. బాట లోయ వైపు రవ్వంత ఒరిగి ఉంది. ఇరవై అడుగులకొకసారి కొంచెం లోతుకు దిగి, మళ్లీ కొంచెం లేస్తోంది, నిద్రపోయేవాళ్ల పొట్ట మాదిరి. రెండేళ్లు ఆ బాట మీదనే తట్ట మోసింది ఆమె.

లేచి చూసేసరికి తాత లేడు. ఖాళీ బిందెలు రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఉన్నాయి.

ముందు కోపమొచ్చింది. "నలభై దినాలు! ఒక్క బిందెతో కడిగేసినాడు ముసలాయన!" అని కొండకంతా వినపడేటట్టు అరిచింది. అరిచినాక నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మొదటి తెల్లరాయిని కాలితో తన్నింది. అది దొర్లుకుంటూ పోయి కిందెక్కడో టంగుమంది. రెండోది తన్నడం ఇంకా బాగుంది.

గురువారం బడి వదిలినాక హేమలత టీచరు సైకిలు నెట్టుకుంటూ వచ్చి నోరు తెరిచింది. "తెల్లరాళ్లు ఎంత బాగుండె! ఎవరు పీకేసినారు చౌడమ్మా?"

"నేనే."

"అయ్యో, ఆదివారానికి అవుతాదా?"

"నీళ్లు ఒప్పుకుంటే మీరూ దిగొచ్చు."

టీచరుకు అర్థం కాలేదు. అయినా సైకిలు పండబెట్టి, చున్నీ నడుముకు బిగించి పార తీసుకుంది. "ఎట్లా చెయ్యాలో చెప్పు."

"చూడు" అనేసింది చౌడమ్మ. అన్నాక తన నోటిని తానే కొంగుతో మూసుకుని నవ్వింది.

కట్టలు చదును చేసి, పాత బాట మాదిరే లోయ వైపు ఒరగదీస్తూ పోయినా, శుక్రవారం మలుపు దగ్గర మట్టి నిలవలేదు. ఎంత పోసినా జారిపోతోంది. అడుగున ఏదన్నా చెక్క వేస్తే తప్ప ఆగేట్టు లేదు. ఆ వాలున చెక్క ఎక్కడిది? చౌడమ్మ అటూ ఇటూ చూసింది. పైకెక్కి పలక ఊడబీకి తెచ్చింది. అక్షరాలు కిందికి తిప్పి, గుంటలో పరిచి, మట్టి పోసి, దాని మీదెక్కి రెండు కాళ్లతో గట్టిగా తొక్కింది. మట్టి నిలిచింది.

శనివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. టీచరు పాడుబడ్డ గుర్రాలసాల కిందికి దూరి, "పిడుగులు పడతాయి, రా చౌడమ్మా!" అని గొంతు పోయేటట్టు పిలిచింది. చౌడమ్మ గోనెసంచి నెత్తిన వేసుకుని బాట మీదనే ఉంది. ఎర్రటి నీళ్లు పైనుంచి వచ్చాయి. నాలుగడుగులు నడిచి, పక్కకు తిరిగి, గడ్డిలోకి దిగాయి. మళ్లీ వచ్చాయి. మళ్లీ దిగాయి. "పో తల్లీ, పో, దావ ఇడిసినా గదా!" అని చప్పట్లు కొడుతూ, నీళ్ల వెంబడి కొండ కిందిదాకా పోయింది.

ఆదివారం పొద్దున తాత తలూపాడు, ముప్పై సైకిళ్లు దిగాయి. ఒక్కరు పడలేదు. అనంతపురం నుంచి వచ్చిన ఒకాయన, ముఖమంతా బురద చుక్కలతో, మళ్లీ దిగేదానికి సైకిలు నెట్టుకుంటూ ఎక్కుతూ అడిగాడు. "అమ్మా, ఇది పాళెగాళ్లు వేసిన బాటేనా?"

చౌడమ్మకు గొంతు దాకా వచ్చింది పేరు. మింగేసింది. "అంతే అనుకోండి" అంది.

సాయంత్రం తాత మూటతో బయల్దేరాడు. యాభై మైళ్ల అవతల ఇంకో దుర్గంలో బాటలు పాడైపోయినాయని కబురొచ్చిందంట. ఎప్పుడూ పడమటి మెట్లమీదే దిగే మనిషి, ఆ పూట తూర్పు వాలున దిగాడు. ఉత్తకాళ్లతో, కర్ర ఆనించకుండా, మెల్లగా.

చౌడమ్మ కొండ కింద నిలబడి ఉంది. అడగకూడదనే అనుకుంది. ఆయన దగ్గరికొచ్చేసరికి అడిగేసింది.

"తాతా, నా బాట ఎట్లుంది?"

తాత వెనక్కి తిరిగి, దిగొచ్చిన వాలు వైపు చూశాడు. మూట ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"నీ బాట నాకు యాడా దొరకలేదు తల్లీ. కొండే నన్ను దించింది."