పేరు లేని వేలు

ఆశ్వయుజ శుద్ధ విదియ, బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు గంధం తీసే ఆవిడ కుడిచేతి ఉంగరపు వేలిలో ఒక ఎముక చచ్చిపోయింది. తక్కిన ఎముకలన్నీ బతికే ఉన్నాయి కనుక ఇంట్లో ఎవరికీ సంగతి తెలియలేదు.

తెలిసింది బొట్టు దగ్గర. ఆ రాజ్యంలో అమ్మవారికి గంధం అరగదీసేది ఆవిడే. ముందు అమ్మవారికి, తరువాత ఇంటిల్లిపాదికీ ఆ వేలితోనే బొట్టు పెట్టేది. ఆ పూట భర్త నుదుట పెట్టబోయిన గంధం ఆయన కనురెప్ప మీద పడింది.

"ఇదిగో, నుదురు పైన ఉంది," అన్నాడాయన. నలభై రెండేళ్లుగా ఆయన ఆవిడను పిలిచే పిలుపు అదే: ఇదిగో.

కోడలు అత్తగారిని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన వేలు నొక్కి చూశాడు. "దీనిలోకి నెత్తురు దారి మూసుకుపోయింది. ఈ ఎముక ఇక లేవదు. శుక్రవారం పొద్దుగూకే లోపల లేపనం పడితే పక్క ఎముకలు దక్కుతాయి, వేలు నిలుస్తుంది. దాటిందా, వేలే తీసెయ్యాలి."

"తీసేస్తే అమ్మవారికి బొట్టు ఎవరు పెడతారు బాబూ?" అంది ఆవిడ, అది తన వేలు కానట్టు.

వైద్యుడు చదువుకున్నవాడు. చదువుకున్నవాడు కనుక ఉంగరపు వేలు అనకుండా కాగితం మీద ఇలా రాశాడు: కుడి హస్తం. అనామిక. అస్థి మృతి.

ఆ రాజ్యంలో మందు జబ్బుకు ఇవ్వరు, అంకెకు ఇస్తారు. వైద్యుడి రాతను అంకెగా మార్చేవాడు అంకెల లేఖరి. అతని ముందు దిండంత పుస్తకం ఉంటుంది. బొటనవేలికి ఒక అంకె, చిటికెన వేలికి ఒక అంకె, కుడికి వేరు, ఎడమకు వేరు. అతని తల మీద గోడకు ఒక పలక: రాయనిది జరగలేదు.

లేఖరి కాగితం చదివాడు. కుడి ఉంది. ఎముక ఉంది. చావు ఉంది. వేలి దగ్గర ఆగాడు. అనామిక అంటే పేరు లేనిది. ఏ వేలో వైద్యుడు పేరు రాయలేదన్నమాట. పుస్తకంలో దానికీ ఒక అంకె ఉంది: ఏ వేలో తెలియనిది. అది వేశాడు. మందుల కిటికీలో ఆ అంకెకు లేపనం లేదు. "తెలిశాక రండి" అనే చీటీ మాత్రం ఉంది.

"తెలియకపోవడం ఏమిటండీ? ఇదే వేలు!" కోడలు అత్తగారి చెయ్యి ఎత్తి చూపించింది.

లేఖరి చప్పున కళ్లు మూసుకున్నాడు. "చూపించకండమ్మా! నేను కాగితమే చూడాలి. వేలు చూసి రాస్తే అది నా మాట అవుతుంది, వైద్యుడి మాట కాదు. పేరు రాయించుకు రండి."

కోడలు వెళ్లింది. వైద్యుడికి కోపం వచ్చింది. పెద్ద అక్షరాలతో రాశాడు: అనామిక.

"పేరు అడిగితే, పేరు లేదని అరుస్తారేమిటి?" అన్నాడు లేఖరి.

గురువారం వైద్యుడు కింద రెండు గీతలు కూడా గీశాడు: అనామికయే. లేఖరి నిట్టూర్చాడు. "పాపం, ఆయనా బాగా వెతికినట్టున్నారు."

శుక్రవారం పొద్దు వాలింది. వేలు నేరేడు పండు రంగుకు తిరిగింది. ఈసారి భర్త కూడా వచ్చాడు. గంధం తీసే ఆవిడ, లేఖరి నియమానికి భంగం రాకుండా చెయ్యి కొంగు చాటున పెట్టుకుని అతని ఎదుట కూర్చుంది.

"నాయనా, మీ నాన్నగారి తద్దినం పెడుతున్నావా?"

"ఏటేటా పెడుతున్నానమ్మా."

"దర్భ పవిత్రం ఎక్కడ పెట్టుకోమంటాడు పురోహితుడు?"

"అనామికకు..." లేఖరి నోరు అక్కడే ఆగిపోయింది. తన కుడిచెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. పదకొండేళ్లుగా పెట్టుకుంటున్నాడు. ఒక్కసారైనా వేరే వేలికి పెట్టుకోలేదు.

"చేతికి తెలుసమ్మా," అన్నాడు చిన్నగా. "నాకే తెలియలేదు."

"ఇప్పుడు మాత్రం వేలు చూడలేదూ?" అంది కోడలు.

"నా వేలు నేను చూసుకోకూడదని ఎక్కడా రాసి లేదమ్మా. రాయనిది..." పలక వంక చూశాడు.

గబగబా సరైన అంకె వేశాడు. సూర్యుడు కిటికీ చువ్వల్లోకి దిగాడు. "రోగి పేరు?"

"మా అత్తయ్య," అంది కోడలు.

"అది మీకు. పేరు?"

కోడలు మామగారి వైపు చూసింది. మామగారు భార్య వైపు చూశాడు. "ఇదిగో..." అన్నాడు.

"ఏదండీ?" లేఖరి చెయ్యి చాచాడు. ఆయన చెయ్యి ఖాళీగా ఉంది.

గంధం తీసే ఆవిడ గొంతు సవరించుకుంది. "అలివేలు."

"వేలి సంగతి అయిపోయిందమ్మా," అంటూనే లేఖరి మళ్లీ పుస్తకం తిరగేశాడు. "అయినా అలి వేలు అనేది ఇందులో లేదే?"

"వేలు కాదు నాయనా. నేను."

లేఖరి తలవంచి రాసుకున్నాడు. లేపనం పడ్డాకే పొద్దుగూకింది. అమ్మవారి దయ.

మర్నాడు ఉదయం కోడలు సాన కడిగి పెట్టింది. ఆవిడ కట్టు కట్టిన చేత్తోనే గంధం తీసి, అమ్మవారికి బొట్టు పెట్టి, ఇంట్లోవాళ్లకోసం మళ్లీ చెక్క అందుకుంది.

"అలివేలూ," అన్నాడు భర్త.

ఆవిడ తల ఎత్తలేదు. "వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, చూడమ్మా," అంది కోడలితో.

ఆయన రెండోసారి పిలిచాడు. మూడోసారికి ఆవిడ ఇటు తిరిగింది. వేలు ఎత్తింది. గంధం ఈసారి ఆయన కనుబొమ మీద పడింది.

ఆయన తుడుచుకోలేదు. ఆ రోజంతా ఊళ్లో అలాగే తిరిగాడు.