ముంగిస దాచిన పొగ

జీడికోన అడవిలో కుందేళ్ళు, ఉడుతలు, ముంగిసలు, ఏదుపందులు ఇరుగుపొరుగుగా కాపురం ఉండేవి. పొద్దున లేస్తే మనలాగే వాటికీ చాకిరీ. వాకిలి ఊడ్చుకోవాలి, నీళ్ళు తెచ్చుకోవాలి, మూడు రాళ్ళ పొయ్యి మీద ఇంత ఉడకేసుకోవాలి. పని చేసేవాళ్ళకు పొరపాట్లు తప్పవు. కుండ జారుతుంది, కూర మాడుతుంది. ఎవరింట జరగవు చెప్పండి?

కనకాంగి అనే ముంగిస ఇంట మాత్రం జరగవట. ఆ మాట అదే చెప్పుకునేది. ముగ్గురు పిల్లల తల్లి, పనిలో చురుకైనదే, కాదనను. నోరే మంచిది కాదు. కుందేలు పోలమ్మ ఒకరోజు అంబలి పొంగబెట్టుకుంది. పొద్దు గూకేలోగా ఆ సంగతి అడవంతా తెలిసిపోయింది. "మా పోలమ్మ వదిన పిల్లల్ని పస్తు పెట్టి పొయ్యిని మేపుతోంది" అని కనకాంగి చెట్టు చెట్టుకూ చెప్పి నవ్వింది. పాపం, పోలమ్మ రెండు రోజులు కలుగు దాటి రాలేదు.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. పొయ్యిలో బూడిదను నీళ్ళు చల్లి, చేత్తో తాకి చూసి, పూర్తిగా చల్లారాకే బయట పొయ్యాలి. ఎండాకాలం నేలంతా రాలిన ఆకులే కదా, అందుకని.

ఆ ఏడు వాగు ఎండిపోయింది. ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే దిక్కు. ఒక్క సొరబుర్ర నిండాలంటే ఎంతోసేపు కాచుకోవాలి. కనకాంగికి అంత ఓపిక లేదు. "బూడిదకు నీళ్ళెందుకు, దండగ" అనుకుంది. పైన చూస్తే తెల్లగా, చల్లగానే ఉంది. కింద ఏముందో కెలికి చూడలేదు. ఎత్తుకెళ్ళి కలుగు పక్కన ఎండిన మోదుగాకుల మీద గుమ్మరించింది. లోపల పిల్లలు తిని పడుకున్నారు. అది మిట్టమధ్యాహ్నం.

కాసేపటికి ఆకుల్లోంచి సన్నగా పొగ లేచింది.

కనకాంగి అటూ ఇటూ చూసింది. చెలమ దగ్గర అందరూ సొరబుర్రలు పట్టుకుని వరుసగా కూర్చుని ఉన్నారు. ఒక్క కేక వేస్తే పరుగెత్తుకొస్తారు. కానీ వచ్చాక ఏమంటారు? బూడిదైనా పొయ్యడం రాదంటారు. ఆ మాట పడటం కంటే చావడం మేలనిపించింది దానికి.

అప్పుడే పోలమ్మ నీళ్ళతో ఆ దారిన వచ్చింది. "కనకాంగీ, ఆ పొగ ఏమిటి?" అని అడిగింది.

"పొయ్యి రాజేశాను వదినా. నువ్వు వెళ్ళు" అంది కనకాంగి, పొగకు అడ్డంగా నిలబడి. తోక కింద వేడి తగులుతోంది. నవ్వు మొహం పెట్టింది.

పోలమ్మ వెళ్ళిపోయింది. పొగ మరింత పైకి లేచింది. ఎవరికీ కనిపించకుండా చెదరగొట్టాలని కనకాంగి లోపల్నుంచి చేట తెచ్చి గబగబా విసిరింది. పిచ్చి తల్లి, నిప్పును విసిరితే ఊరుకుంటుందా? ఎర్రగా రాజుకుంది. మట్టి చల్లింది, కాలితో తొక్కింది. కాలు చురుక్కుమంది.

"అమ్మాయ్, అంతా బాగేనా?" చెలమ దగ్గర్నుంచి ఏదుపంది ఆదెమ్మ అవ్వ కేకేసింది.

"బాగే అవ్వా. మీ పని మీరు చూసుకోండి."

అంతలో పడమటి గాలి కొట్టింది. ఆకులు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. మంట కలుగు నోటికి అడ్డంగా పాకింది. ఆ కలుగుకు ఉన్నది ఆ ఒక్క దారే. లోపల్నుంచి దగ్గు వినిపించింది. తర్వాత ఏడుపు. "అమ్మా, కళ్ళు మండుతున్నాయి. అమ్మా, ఎక్కడున్నావు?"

కనకాంగి మంటలోకి దూకబోయింది. మీసాలూ తోకా కాలి వెనక్కి పడింది. లోపల మూడు గొంతులు రెండయ్యాయి. అప్పుడు కేక పెట్టింది కనకాంగి.

"నా పిల్లలు కాలిపోతున్నారు. ఆ బూడిద నాదే, ఆర్పకుండా నేనే పోశాను. రండి, మీ కాళ్ళు మొక్కుతాను."

అంతా పరుగెత్తారు. రోజంతా కాచుకుని పట్టుకున్న నీళ్ళు ఒక్క గుక్క మిగుల్చుకోకుండా కుమ్మరించారు. ఉడుతలు పచ్చి కొమ్మలు విరిచి మంటను బాదాయి. ఆదెమ్మ అవ్వ మాత్రం మంట వైపు రాలేదు. కలుగు ఉన్న దిబ్బ వెనక్కి వెళ్ళి రెండు చేతులా మట్టి తవ్వింది. గోళ్ళు విరిగినా ఆపలేదు. చివరికి కలుగులోకి బొక్క పడింది. పొగతో పాటు ఒక పిల్లను లాగింది, తర్వాత ఇంకో పిల్లను. మూడోది, అన్నిటికంటే చిన్నది, చేతికి అందలేదు. అవ్వ తల దూర్చి, పళ్ళతో పట్టి ఈడ్చింది. అది కదల్లేదు.

పోలమ్మ తన సొరబుర్ర అడుగున మిగిలిన తడిని వేలితో దాని పెదాలకు రాసింది. చాలాసేపటికి అది దగ్గింది. కనకాంగి నేల మీద కూలబడి బావురుమంది.

కలుగు కూలిపోయింది. వానాకాలానికి దాచిన ఎండుచేపలు బూడిదయ్యాయి. కనకాంగి తోక మీద కాలిన బొచ్చు మళ్ళీ మొలవలేదు. ఆ పూట అడవిలో పిల్లలందరూ దాహంతోనే పడుకున్నారు. అయినా ఎవరూ కనకాంగిని ఒక్క మాట అనలేదు. ఆదెమ్మ అవ్వ తన కలుగులోనే కనకాంగికీ పిల్లలకూ చోటిచ్చింది. అప్పట్నుంచి ఏ ఇంట ఏ కష్టం వచ్చినా అందరూ ముందు అవ్వ దగ్గరికే వెళ్ళేవారు.

ఆ సాయంత్రం చిన్నపిల్ల తల్లి ఒళ్ళో పడుకుని బొంగురు గొంతుతో అడిగింది. "అమ్మా, పోలమ్మత్త నీళ్ళు పట్టుకుని మన ఇంటి ముందే నిలబడింది కదా. ఆమె మాట నాకు వినిపించింది. అప్పుడే ఎందుకు పిలవలేదు?"

"నవ్వుతారని సిగ్గుపడ్డాను తల్లీ" అని కనకాంగి దాన్ని గుండెకు హత్తుకుంది.

నీతి: తప్పు చేశానని చెప్పుకుంటే సిగ్గు ఒక్క పూటే, దాచిపెడితే ఆ ముప్పు మన పిల్లల మీదికి వస్తుంది.