ఏనుగయ్య పాదం, పందికోర

సాక్ష్యం దొరికిన రోజున కథ ఓడిపోతుందని మీకెవరు చెప్పారు? నిజం బయటపడితే చాలు, అందరూ దాని వెనక బుద్ధిగా నడిచొస్తారని నమ్ముతున్నారు కదూ? ఒక ముళ్ళపంది కూడా అలాగే నమ్మింది. దానికి ఏమైందో వినండి.

రాళ్ళగుట్టల నడుమ ఒక వాగు, వాగు ఒడ్డున గుండ్రటి గుంట. వాగు ఎండినా ఆ గుంటలో నీళ్ళు ఊరుతూనే ఉండేవి. జంతువులు దాన్ని పాదం అనేవి. పూర్వం ఏనుగయ్య ఆ దారిన పోతూ, దాహంతో ఏడుస్తున్న జంతువుల్ని చూసి జాలిపడి కాలు మోపాడట. మోపిన చోట నీళ్ళు పుట్టాయట. ఆ అడవిలో ఏనుగును చూసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా కథ చక్కగా ఉండేది. పిల్లలు అడిగి మరీ చెప్పించుకునేవి.

పాదానికి కాపలా నక్క. ఎవరు పెట్టారంటే, తనంతట తనే పెట్టుకుంది. ముందు తను తాగాకే ఇంకెవరైనా తాగాలి. పాదం చుట్టుపక్కల ఎవరూ గోటితో నేల గీకకూడదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పాదంలో నీళ్ళు అడుగంటాయి. కొత్తగా ఈనిన లేడికి పాలు ఇంకిపోయాయి. దాని పిల్ల పొదుగు కుమ్మి కుమ్మి, చివరికి కుమ్మే ఓపిక కూడా లేక పడుకుండిపోయింది.

"నక్క మావా, ఏదో ఒకటి చెయ్యి. పిల్ల కళ్ళు తేలేస్తోంది" అంది లేడి.

"చెయ్యడానికి నేనెవర్ని తల్లీ? ఏనుగయ్య మళ్ళీ వస్తాడు. నమ్మకం సడలనివ్వకు."

"ఎప్పుడొస్తాడు?"

"ఇదిగో, అలా అడగడమే సడలడం."

పక్కనే వింటున్న ముళ్ళపందికి ఒళ్ళు మండింది. నక్క వేటకు పోయిన సమయం చూసి, పాదం అంచున తవ్వడం మొదలుపెట్టింది. గట్టి బంకమట్టిలో గోరుకు ఏదో తగిలింది. లాగితే, విరిగిన పందికోర. మట్టిగోడ నిండా కోరలతో కుమ్మిన గాట్లు, ఒకదాని కింద ఒకటి, లోపలికి దిగుతూ. ముక్కు ఆనించి చూస్తే కింద చల్లటి చెమ్మ.

కోర నోట కరుచుకుని పరిగెత్తింది. అందర్నీ పిలుచుకొచ్చింది. అప్పటికి నక్క కూడా తిరిగొచ్చింది.

"చూడండి! ఇది ఏనుగు మోపిన కాలు కాదు, పందులు తవ్విన గుంట. ఎప్పుడో ఇలాంటి కరువులోనే తవ్వి ఉంటాయి. నీళ్ళు కిందికి దిగేకొద్దీ అవీ దిగాయి, కోరలు విరిగేదాకా దిగాయి. మనమూ తవ్వుదాం రండి. కింద నీళ్ళున్నాయి, చెమ్మ నాకు తగిలింది!"

అందరికీ పెద్దయిన అడవిదున్న కోరను వాసన చూసింది. "పందిదే" అని ఒప్పుకుంది.

కుందేలు మూతి విరిచింది. "ఛీ, బురదలో దొర్లే పందులు తవ్విన నీళ్ళా ఇన్నాళ్ళూ మేం తాగింది? నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుందా?"

"చెప్పుకోవడం సంగతి తర్వాత, పిన్నీ. ముందు తాగడం సంగతి చూడు."

అందరూ నక్క వైపు తిరిగారు. నక్క మండిపడుతుందని, కోర అబద్ధమంటుందని ముళ్ళపంది ఎదురుచూసింది. అది ఏం అన్నా జవాబు సిద్ధంగా పెట్టుకుని నిలబడింది. నక్క మాత్రం ముందుకొచ్చింది. కోర ముందు మోకాళ్ళు వంచింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఎంత అదృష్టం! ఏనుగయ్య వెంట ఒక పంది భక్తుడు నడిచాడని, స్వామి కాలు మోపే చోటు తన కోరతో మెత్తన చేసి ప్రాణం వదిలాడని మా తాత చెబితే నేనే నమ్మలేదు. ఇదిగో సాక్ష్యం! నా కళ్ళు తెరిపించావు తల్లీ."

ముళ్ళపంది తడబడింది. "అయితే పందులు తవ్వాయని ఒప్పుకుంటున్నావా, మావా?"

"కళ్ళకు కనబడేది కాదంటానా? పంది నిజం, కోర నిజం, గాట్లు నిజం. అన్నీ నువ్వన్నట్టే."

ముళ్ళపంది పొంగిపోయింది. గెలిచాననుకుంది. కోరను తనే తీసుకెళ్ళి నక్క ముందు పెట్టింది.

"ఇంత విలువైనది ఎవరి కాళ్ళ కిందైనా పడితే ఎలా? నాలుగు ముళ్ళు ఇవ్వమ్మా, చుట్టూ గుచ్చుదాం" అంది నక్క. సాక్ష్యం భద్రంగా ఉంటుంది కదా అని, అడిగినదానికన్నా ఎక్కువే రాల్చి ఇచ్చింది ముళ్ళపంది.

మర్నాడు తవ్వడానికి వచ్చేసరికి, చెమ్మ తగిలిన చోటే కోర నిలబెట్టి ఉంది. చుట్టూ తన ముళ్ళతోనే కంచె. కంచె చుట్టూ జంతువులు బారులు తీరి ఉన్నాయి.

"జరగండి, తవ్వాలి."

"ఎక్కడ?" అంది దున్న.

"ఇక్కడే, పెద్దయ్యా. నీళ్ళు దీని కిందే ఉన్నాయి."

"కోర దొరికిన చోటా? మతి పోయిందా నీకు? నిన్నటిదాకా ఇది ఉత్త మట్టి. గొప్ప చోటని చూపించింది నువ్వే కదా!"

"నేను చూపించింది తవ్వమని!"

"మెల్లగా మాట్లాడు. పూజ జరుగుతోంది."

వరుసలో మొదట లేడి ఉంది. పాదం అడుగున మిగిలిన కాసిని నీళ్ళు నోట పట్టి, గుటక వెయ్యకుండా తెచ్చి, కోర మీద వదులుతోంది. మొదటి నీళ్ళు పోసిన తల్లి బిడ్డ లేచి గంతులేస్తుందని నక్క చెప్పిందట.

"వదినా, ఆ నీళ్ళు పిల్ల నోట్లో పొయ్యి! నీకు దండం పెడతాను!"

లేడి ప్రేమగానే చూసింది. "ఇంతకుముందు నాకూ ఏనుగయ్య మీద కాస్త అనుమానంగానే ఉండేదమ్మాయ్. నువ్వు కోర చూపించాక అది కూడా పోయింది."

నీళ్ళు కోర మీంచి జారి మట్టిలో ఇంకిపోయాయి. కంచె పక్కనే పడి ఉన్న పిల్ల ఆ తడిమట్టిని నాకింది. కాసేపటికి నాకడం మానేసింది.

నక్క దగ్గరికొచ్చి లేడి తల నిమిరింది. "ఏనుగయ్యే తీసుకెళ్ళాడమ్మా. పుణ్యం చేసుకున్న బిడ్డ. దేహాన్ని నాకు వదిలెయ్యి, గుట్ట అవతల నేనే సాగనంపుతాను."

లేడి దండం పెట్టి మరీ వదిలేసింది.

పొద్దు వాలాక నక్క మూతి నాక్కుంటూ గుట్ట దిగింది. ముళ్ళపంది చూసింది. కానీ ఎవరికి చెప్పాలి? చెబితే సాక్ష్యమేదంటారు. సాక్ష్యం చూపిస్తే దాని చుట్టూ కూడా కంచె కడతారు.

సాక్ష్యాన్ని పాతిపెట్టేవాడికన్నా, దానికి దండ వేసేవాడితోనే ఎక్కువ ప్రమాదం.

కథలు పాడుకోండి, ఎవరూ వద్దనరు. కానీ దాహంతో ఒక ప్రాణం పోతుంటే ఇక్కడ తవ్వకూడదని ఎవరైనా అడ్డం నిలబడితే, వాదించి గెలుద్దామని ఆగకండి. తవ్వండి.